శ్యామలని ఎఫ్‌సీకి సిద్ధం చేశారు

లారీలకి పేరుమోసిన సాలూరులో పుట్టినవాడికి వాటి సంగతులు ఎవరూ కూర్చోబెట్టి చెప్పక్కర్లేదు. చేపపిల్లకి ఈత నేర్పుతామా? ధర్మేంద్రా అంతే. మీసం మొలవకముందే క్లీనరుగా ఎక్కాడు, మొలిచాక స్టీరింగు పట్టాడు. పెళ్ళయ్యేనాటికి ఘాట్ రోడ్డులో ఏ మలుపు దగ్గర ఏ గేరు పడాలో కళ్ళు మూసుకుని చెప్పగలిగేవాడు. చెప్పడం వరకే లెండి, నడిపేటప్పుడు కళ్ళు తెరిచే ఉంచుతాడు.

అయితే లారీల వాళ్ళలో అతనికి పేరు తెచ్చింది డ్రైవింగు కాదు, బండిని ఎఫ్‌సీకి సిద్ధం చెయ్యడం. ఎఫ్‌సీ అంటే బండిని అధికారుల ముందు నిలబెట్టి, ఇది రోడ్డు మీద తిరగడానికి పనికొస్తుందని అనిపించుకోవడం. ముందు రోజు ధర్మేంద్ర చెయ్యి పడిందంటే ఎంత ముసలి బండయినా పెళ్ళికూతురైపోతుంది. తుప్పు మీదికి రంగు వస్తుంది. పగిలిన ఇండికేటరు స్థానంలో పక్క బండిది వచ్చి కూర్చుంటుంది. ఆయిలు కారే చోటు అద్దంలా మెరుస్తుంది. "అడిగిందానికి జవాబు సెప్పాల, అడగంది సెప్పకూడదు, తేడా ఉన్న వైపు గోడకి పెట్టాల" అని కుర్ర డ్రైవర్లకి పాఠం చెప్పేవాడు. ఆ పాఠాన్ని సొంత కూతురి మీద ప్రయోగించడమే అతను చేసిన ఘనకార్యం.

కూతురి పేరు శ్యామల. ఊరి అమ్మవారి పేరే పెట్టుకున్నారు. మూడో తరగతి. మాట ఆలస్యంగా వచ్చింది, వచ్చాక కూడా ఒక మాటకీ ఇంకో మాటకీ మధ్య తాపీగా విశ్రాంతి తీసుకుంటుంది. ఈ రోజు నేర్చిన అక్షరం రేపటికి నిలవదు. ఈ పిల్ల తన వేగంతో తను ఎదుగుతుంది, తొందరపెట్టకండి అని డాక్టర్లు చెప్పారు. కానీ బడంటే దానికి ప్రాణం. ఆదివారం పూట కూడా బ్యాగు తగిలించుకుని గుమ్మంలో నిలబడి, ఎవరూ కదలకపోతే ఏడుస్తుంది.

అలాంటి పిల్ల ఆమధ్య బడిలో గంట చెవి పక్కనే మోగేసరికి బెదిరిపోయి, గేటు దాటి రోడ్డు మీదికి పరుగెత్తింది. అక్కడి టీకొట్టు వాళ్ళు చూసి పట్టుకున్నారు కాబట్టి సరిపోయింది. ఆ తర్వాత కొన్నాళ్ళకే పద్మకుమారి టీచరు ఫోను చేసింది. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం మండలంలో బడి బడికీ తిరిగే టీచరు ఆవిడ. "శ్యామల గురించి సోమవారం హెడ్‌మాస్టరు గారి గదిలో మీటింగుంది. మీరిద్దరూ పాపని తీసుకుని రండి" అంది. ధర్మేంద్ర అప్పుడు ఒడిశాలో లోడు దింపుతున్నాడు. ఫోను పెట్టేసి, లోడు దిగీ దిగగానే బండిని ఇంటి దారి పట్టించాడు.

ఇంటికొచ్చీ రాగానే భార్యతో అన్నాడు.

"ఉషా, అయిపోనాది. పిల్లని బడి మానిపించీడానికే ఈ మీటింగు. ఇంటికాడే ఉంచీండి, ఎప్పుడైనా వచ్చి సెప్తాంలే అంటారు."

"నీకెవులు సెప్పారు?"

"ఒకలు సెప్పాలేటి? తేడా బండిని రోడ్డు మీంచి తీసీమంటారు గానీ నెత్తినెట్టుకుంటారేటి?"

"పిల్ల బండేటి బావా?" అంది ఉష. మేనమామ కూతురు కావడాన ఆమెకి మొగుడి దగ్గర మొహమాటం లేదు. "ఏటుంటే అదే సెప్దాం. దానికి రానివి రావని సెప్దాం."

"ఒసే, నువ్వు నోరు తెరిసీవంటే పని సెడిపోద్ది. ఇలాటియ్యి నాకొగ్గీ."

సోమవారం దాకా లోడు పట్టనని ఓనరుకి చెప్పేశాడు. మర్నాటి నుంచి వాకిట్లో శిక్షణ మొదలైంది. ప్లాస్టిక్ కుర్చీలో గొంతు సవరించుకుని హెడ్‌మాస్టరులా కూర్చున్నాడు ధర్మేంద్ర.

"నీ పేరేటమ్మా?"

శ్యామల తండ్రిని ఎగాదిగా చూసింది. చాలాసేపు ఆలోచించింది. "నీకు తెల్దా?" అంది.

ఉష చేతిలో చేట పక్కన పెట్టి మరీ నవ్వింది. ధర్మేంద్ర నవ్వలేదు. పట్టు వదలకుండా పేరు, ఊరు, తరగతి, పది దాకా అంకెలు, చివర్లో దండం, ఇవన్నీ వరసగా నూరిపోశాడు. వరస తప్పకుండా చెప్పిన ప్రతిసారీ వీధిలో నిలిపిన లారీ ఎక్కించి ఒకసారి హారన్ కొట్టనిచ్చేవాడు. ఎవరైనా వెనక నుంచి కొడితే హడలిపోయే పిల్ల, తన చేత్తో కొట్టేటప్పుడు మాత్రం పకపకా నవ్వేది. వీధిలో వాళ్ళు తిట్టారు. పసిపిల్లలు లేచి ఏడ్చారు. శ్యామల మాత్రం ఆదివారానికి పాఠమంతా అప్పజెప్పేసింది. ధర్మేంద్ర మీసం దువ్వుకున్నాడు.

సోమవారం పొద్దున్న పిల్ల తలకి నూనె రాసి, రెండు జడలు వేసి, ఉతికిన యూనిఫాం తొడిగారు. "పిల్లకి రంగెయ్యడం అయిందేటి బావా, బయల్దేరదామా?" అని దెప్పింది ఉష. అతను వినబడనట్టు వంగి పిల్ల కాళ్ళకి బూట్లు తొడిగాడు.

హెడ్‌మాస్టరు జీవరత్నం గారు రిటైర్మెంటుకి దగ్గరపడిన మనిషి. గొంతు పెద్దది, మనసు దానికన్నా పెద్దది. చెప్పులూ బూట్లూ గుమ్మం బయట విడిచి ముగ్గురూ లోపలికి వెళ్ళారు. పద్మకుమారి అప్పటికే కాగితాలు ముందేసుకుని కూర్చుని ఉంది. ఇంకా ఏమీ అడగకముందే శ్యామల నిటారుగా నిలబడి పేరు, ఊరు, తరగతి చెప్పి, పది దాకా లెక్కపెట్టి, దండం పెట్టింది. జీవరత్నం గారు ముచ్చటపడిపోయి చప్పట్లు కొట్టారు.

"అన్నం తనే తింటుందాండీ?" అని అడిగింది పద్మకుమారి.

"సుబ్బరంగా తింటాది మేడం."

"చెప్పిన పని గుర్తుంటుందా?"

"ఒక్కపాలి సెప్తే సాలు."

"పెద్ద శబ్దాలకి బెదిరిపోతుందా?"

"అబ్బే! లారీ డ్రైవర్ కూతురికి శబ్దాలకి బెదురేటి?"

"మరి ఆ రోజు గేటు దాటి..."

"అది... కుక్కని సూసి పరిగెట్టింది మేడం." ఉష అతని వైపు చురుగ్గా చూసింది. ధర్మేంద్ర కిటికీలోంచి బయటికి చూశాడు.

పద్మకుమారి కలానికి మూత పెట్టేసింది. "చాలా సంతోషమండి. నిజానికి శ్యామల పక్కన తోడుగా ఉండడానికి ఒక ఆయాని ఇమ్మని, నేను వారంలో ఇంకొన్ని రోజులు వచ్చి చెప్పేలా చూడమని పై అధికారులకి రాయడానికి ఈ మీటింగు పెట్టాం. పాపకి అన్నీ వచ్చినప్పుడు ఇక ఏమని రాస్తాం? ఆ సాయం అవసరమున్న ఇంకో పిల్లకి పనికొస్తుందిలెండి."

ధర్మేంద్రకి మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక కుర్చీ అంచుకి జరిగాడు. "అయితే... మా పిల్లని బడి మానిపించరా సార్?"

"మానిపించడమేంటయ్యా!" జీవరత్నం గారి గొంతుకి పక్క తరగతి కూడా నిశ్శబ్దమైపోయింది. "బడేమన్నా ఎవడబ్బ సొమ్మా? దాని బడి అది! ఇక్కడ కూర్చుని చదువుకోడానికి దానికేం కావాలో మాట్లాడుకుందామని పిలిస్తే, నువ్వేంటి అన్నీ ఉన్నాయంటావు?"

అడగందే అమ్మయినా పెట్టదంటారు. మన ధర్మేంద్ర, పెట్టడానికి వచ్చిన చేతికి అడ్డంగా చెయ్యి పెట్టి, కడుపు నిండిపోయిందని లేచిపోయే రకం. కానీ తప్పు తెలిశాక నిమిషం ఆగడు. కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

"లేదు మేడం! అన్నీ అబద్ధాలే! మా పిల్లకి ఏటీ రాదు!"

ఉష నవ్వు ఆపుకోలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ధర్మేంద్ర మాత్రం వాగులా ప్రవహించాడు. అన్నం సగం మీద పోసుకుంటాది. అక్షరాలు నిలవవు. పది దాటితే మళ్ళీ ఒకటికొచ్చెత్తాది. అదయినా వారం నుంచి నూరితే వచ్చింది. కుక్కా లేదు, ఏటీ లేదు, గంటకే పరిగెట్టింది. ఉష మధ్యలో అందుకుని, "ముందు సెప్తే బెదరదు మేడం. కుక్కర్ కూసే ముందు 'కూత వస్తాదమ్మా' అని సెప్తాను, సెవులు మూసుకుని నవ్వుతాది" అంది. పద్మకుమారి కలం మూత తీసి గబగబా రాసుకోసాగింది. ధర్మేంద్రకి ఊపొచ్చింది.

"బూట్లు తొడుక్కోడం రాదు మేడం. రోజూ నానో ఆలమ్మో తొడగాల."

"వచ్చు."

అన్నది శ్యామల. అంతవరకూ ఆ పిల్ల అక్కడే నిలబడి అన్నీ వింటోందన్న సంగతి తండ్రి మరిచిపోయాడు. కూతురి ముందే కూతురికి రానివన్నీ ఏకరువు పెట్టానని అప్పుడు తెలిసి అతని ప్రాణం చివుక్కుమంది. "తల్లీ, నాను..." అని ఏదో అనబోయాడు. శ్యామల అతని మాట కోసం ఆగలేదు. గుమ్మం దగ్గరికి వెళ్ళి తన నల్లబూట్లు తెచ్చుకుని, గది మధ్యలో నేల మీద చతికిలబడింది.

కుడిదాన్ని ఎడమ కాలికి తొడిగింది. చూసుకుంది. తల అడ్డంగా ఊపి విప్పేసింది. ధర్మేంద్ర సాయానికి వంగబోతే ఉష చొక్కా పట్టుకుని వెనక్కి లాగింది. పిల్ల మళ్ళీ మొదలుపెట్టింది. మడమ లోపలికి దిగలేదు. నాలుక బయటపెట్టి, వేలు దూర్చి, కాలు నేలకి కొట్టి దింపింది. పట్టీ ఒకసారి జారింది, రెండోసారి జారింది, ఆ తర్వాత కన్నంలో పడింది. రెండోది కూడా తొడుక్కుని లేచి నిలబడి, "వచ్చు నాన్నా" అంది శ్యామల.

"ఇదెవులు నేర్పారే నీకు?" అంది ఉష.

"మెర్సీ."

తరగతిలో దాని పక్కన కూర్చునే పిల్ల మెర్సీ. పిల్లలు బూట్లు వరండాలో విడిచి లోపలికి వెళ్తారట. విరామానికి వదిలినప్పుడల్లా శ్యామల తొడుక్కునేదాకా మెర్సీ అక్కడే కూర్చుంటుందట. జీవరత్నం గారు చెబుతూ ఉంటే ధర్మేంద్ర కళ్ళు తుడుచుకున్నాడు. ఇంట్లో బడికి ఆలస్యమవుతుందని రోజూ తామే తొడిగేశారు. పిల్లకి రాదనుకున్నారు గానీ, ఒక్క పూటయినా ఆగి చూడలేదు.

"ఉషా, మన పిల్ల మనకి తెలీకుండా పెద్దదయిపోతన్నాది" అన్నాడు. దుఃఖమో సంతోషమో అతనికే తెలియలేదు. సంతోషమే.

తర్వాత పని చకచకా సాగింది. ఆయా కోసం గట్టిగా రాసి పంపుతానన్నారు జీవరత్నం గారు. వారంలో మూడు రోజులు వస్తానంది పద్మకుమారి. గంట కొట్టేముందు శ్యామలకి చెప్పే బాధ్యత మెర్సీది. ఆ పిల్లని పిలిచి చెబితే, కలెక్టరు ఉద్యోగం ఇచ్చినట్టు తల ఎగరేసింది.

మధ్యాహ్నం గంట వేళకి ధర్మేంద్ర, ఉష ఇంకా వరండాలోనే ఉన్నారు. లోపల మెర్సీ శ్యామల చెవిలో ఏదో చెప్పింది. శ్యామల రెండు చేతులతో చెవులు మూసుకుని, కళ్ళు గట్టిగా బిగించింది. గంట మోగింది. మోగి ఆగింది. శ్యామల ఒక కన్ను తెరిచి చూసి, తను బెంచీ మీదే ఉన్నానని తెలుసుకుని ఫక్కున నవ్వింది.

పిల్లలంతా బూట్ల మీద పడ్డారు. ఆ గుంపు మధ్యలో చతికిలబడి శ్యామల తన జత వెతుక్కుంటోంది. అలవాటు చొప్పున ధర్మేంద్ర నాలుగడుగులు ముందుకేసి వంగాడు. శ్యామల బూటు గుండెలకి హత్తుకుని, "నువ్వెల్లిపో నాన్నా" అంది.

అతను వెళ్ళిపోయాడు. గేటు దాకా వెనక్కి తిరిగి చూస్తూ, ఉషకి మోచేతులు తగిలిస్తూ, నవ్వుతూ, కళ్ళు తుడుచుకుంటూ వెళ్ళాడు. కూతురు ఒక్కసారి కూడా తలెత్తలేదు. దాని దృష్టంతా పట్టీ మీదే ఉంది.