తప్పుల గోడ మీద జానెడు చెక్క

బడి నడవా చివర మలుపు తిరిగితే చెక్కపొట్టు వాసన వస్తుంది. అదే పనుల గది. రంపం పట్టడం, మేకు కొట్టడం, తీగలు కలిపి బల్బు వెలిగించడం, పాత బొమ్మలోంచి మోటారు ఊడదీసి ఫ్యాను తిప్పడం, అన్నీ అక్కడే నేర్పుతారు. నేర్పే ఆవిడను బడంతా రంపం టీచర్ అంటుంది. ఆ మాట మొహం మీదే అన్నా ఆవిడకు కోపం రాదు. కొలవకుండా కోస్తే మాత్రం ఒంటికాలి మీద లేస్తుంది.

ఆ గదిలో తప్పుల గోడ అని ఒకటుంది. ఎవరు ఏది చెడగొట్టినా చెత్తబుట్టలో వేయకూడదు. అందరి ముందుకూ వచ్చి, ఎలా చెడిందో చెప్పి, తామే మేకు కొట్టి గోడకు తగిలించాలి. అప్పుడు క్లాసంతా చప్పట్లు కొట్టాలి. పిట్ట దూరడానికి కంత పెట్టడం మరిచిపోయిన పిట్టగూడు, రెండూ ఎడమ చేతులే ఉన్న చెక్కబొమ్మ, స్విచ్చు వేస్తే ఆరిపోయే దీపం, ఇలా గోడ నిండిపోయింది. వేరే క్లాసులో తిట్లు తినిపించే పనికి ఇక్కడ చప్పట్లు పడతాయంటే పిల్లలకు ఇంకేం కావాలి!

ఎనిమిదో తరగతిలో ఒక్క పిల్ల మాత్రం ఆ గోడ దగ్గరికి పోలేదు. ఏడాది మొదట్లో తాళాలు తగిలించుకునే పలక చేస్తూ మేకు మీద ఒక్కటిచ్చింది. పలక నిలువునా రెండుగా చీలింది. ముక్కలు సంచిలో కుక్కేసుకుంది, మళ్లీ పనిముట్టు ముట్టలేదు. చేతులు కట్టుకుని నిలబడి "అటు కాదు, ఇటు" అని పక్కవాళ్లకు పురమాయించేది. పిల్లలు ఆ పిల్లకు మేస్త్రమ్మ అని పేరు పెట్టేశారు. టీచర్ బుజ్జగించింది, కసిరింది, చూసీ చూడనట్టు ఊరుకుంది. ఏదీ పారలేదు. సెలవులు అయ్యాక ఆ పిల్ల పెద్ద బడికి వెళ్లిపోతుంది. ఈలోగా ఒక్కసారైనా ఆ చేత్తో రంపం పట్టించాలని టీచర్ కోరిక. పట్టించలేకపోతే తనకు చదువు చెప్పడం రానట్టేనని లోలోపల బెంగ.

టీచర్ భర్త బస్సు డ్రైవరు. ఆయన బాధ వేరు. బడిలో నేర్పబోయే ప్రతిదాన్నీ ఆవిడ ముందు పెరట్లో చేసి చూస్తుంది. చెడినవన్నీ ఇంట్లో సామాన్లవుతాయి.

"ఈ బల్ల మీద టీ పెడితే గ్లాసు దానంతటదే నా దగ్గరికి నడిచొస్తోందే," అన్నాడు ఒకరోజు.

"మంచిదేగా, చెయ్యి చాపే పని తప్పింది."

"పిల్లల తప్పులకి బడిలో గోడ పెట్టావు సరే. నీ తప్పులు దాచుకోవడానికి నా కొంపే దొరికిందా?"

"చల్లారిపోతుంది, తాగండి," అని ఆవిడ నవ్వేసింది కానీ, ఆ మాట చెవిలోనే ఉండిపోయింది.

ఆ ఏడాది ఎనిమిదో తరగతి వాళ్లు లైబ్రరీ కోసం పొడుగాటి బల్ల చేశారు. ఒక్క స్క్రూ వాడలేదు, అంతా చెక్క మేకులు, జిగురు. అద్దంలా నున్నగా తీశారు. ఆఖరి క్లాసు రోజు అందరూ కలిసి బల్లను పక్కకు వాల్చి ఎత్తుకున్నారు. గుమ్మం సాఫీగా దాటింది. నడవా మలుపులో ఆగిపోయింది. ఎత్తారు, దించారు, నిలబెట్టబోతే పైకప్పు తగిలింది. గోడకూ బల్లకూ మధ్య ఇరుక్కున్న ఒకడు, "నన్నొదిలేసి మీరు వెళ్లిపోండిరా!" అని యుద్ధంలో వీరుడిలా అరిచాడు. పిల్లలు పడీ పడీ నవ్వారు.

టీచర్ నవ్వలేదు. గుమ్మం కొలిచింది, లైబ్రరీ కొలిచింది, మధ్యలో మలుపును కొలవలేదు. కొలతల కోసం అందరి ప్రాణాలూ తోడేసే మనిషికి ఇది నిజంగా తలవంపులే. బల్లను మళ్లీ లోపలికి మోయించి, టేపు తీసి, ఈసారి మలుపు కొలిచింది. జిగురు పెట్టిన కాళ్లు ఊడిరావు. కానీ ఒక చివర కాళ్లు దాటి జానెడు చెక్క బయటికి ఉంది. అది కోసేస్తే బల్ల తిరుగుతుంది.

"ఎవరు కోస్తారు?" అంది. నెలల తరబడి నునుపు చేసిన బల్ల. అందరూ చేతులు వెనక్కి పెట్టుకున్నారు.

"తప్పెవరిది టీచర్?" మేస్త్రమ్మ అడిగింది.

"నాదే."

"మీకూ తప్పులొస్తాయా?"

"మా ఇంటికి రా, ఇల్లంతా అవే. ఇక్కడ మీకు చూపించలేదంతే. సిగ్గేసి."

"ఏడుపు రావట్లేదా?"

"వస్తోంది. అయినా బల్ల కదలాలి కదమ్మా."

ఆ పిల్ల కట్టుకున్న చేతులు విప్పింది. పెన్సిలు అడిగి గీత గీసింది, మళ్లీ కొలిచింది, రంపం అందుకుంది. మొదట్లో రంపం కీచుమంది, తడబడింది, తర్వాత గీత పట్టుకుని నడిచింది. చూస్తున్న టీచర్‌కు కళ్లు మసకబారాయి. ఆనందం పట్టలేక చెక్కపొట్టు మీద నెపం పెట్టి తుడుచుకుంది. ముక్క తెగి కింద పడింది. ఈసారి బల్ల మలుపు తిరిగి, పిల్లల కేకల మధ్య ఊరేగుతూ లైబ్రరీ చేరింది.

తిరిగొచ్చాక టీచర్ ఆ జానెడు ముక్క పట్టుకుని అందరి ముందూ నిలబడింది. "మలుపు కొలవడం మరిచిపోయాను," అని చెప్పి, గోడకు మేకు కొట్టి తగిలించింది. చప్పట్లతో గది దద్దరిల్లింది.

సందడి సద్దుమణిగాక మేస్త్రమ్మ ముందుకొచ్చింది. ఒక చేత్తో సంచి అడుగున ఏదో వెతుకుతూ, రెండో చెయ్యి టీచర్ ముందు చాపింది.

"సుత్తి ఇవ్వండి టీచర్. మేకులు రెండు కావాలి. నాది రెండు ముక్కలైందిగా."