పాలతో మింగిన మాత్ర

ఇవాళ పొద్దున్నే ఉప్పల్‌లోని ల్యాబ్‌లో రక్తం ఇవ్వడానికి చెయ్యి చాపాను. స్పిరిట్ తడిపిన దూది చల్లగా తగిలి, ఆ ఘాటు వాసన ముక్కుకెక్కగానే సుగుణక్క గుర్తొచ్చింది. నా ఒంట్లో థైరాయిడ్ తక్కువుందని తేలిన కొత్తలో, సూది కనపడకుండా నా మొహాన్ని తనవైపు తిప్పుకున్న మనిషి. అప్పట్లో నాచారంలో మా పక్కిల్లే. భర్త రైల్వేలో చేసేవాడు. కాలనీ బతుకమ్మకు ఏటా పాట ఎత్తుకునేది ఆవిడే, మేమంతా వెనక అందుకునేవాళ్లం.

ఆ ఏడు మోకాళ్ల నొప్పులతో ఇక తిరగలేనని, పాట నాకు అప్పజెప్పింది. నేను గాల్లో తేలిపోయాను. సరిగ్గా అప్పుడే నా గొంతు బొంగురుపోయింది. మొహం ఉబ్బింది, ఎండాకాలంలోనూ దుప్పటి కావాలనిపించేది, ఎంత పడుకున్నా ఒళ్లు లేచేది కాదు. రక్తపరీక్షలో సంగతి బయటపడి డాక్టరమ్మ మాత్ర రాసింది. రోజూ వేసుకున్నాను. అయినా మళ్లీ పరీక్ష చేయిస్తే, థైరాయిడ్ తగ్గినకొద్దీ పెరిగే ఆ టీఎస్‌హెచ్ అంకె దిగలేదు, గొంతూ విచ్చుకోలేదు. కాలనీలో కొందరు, సౌండ్ బాక్స్ తెప్పించి రికార్డు పాటలు పెట్టుకుందామన్నారు. ఆ మాట విని వంటింట్లో కూర్చుని ఏడ్చాను. పాట పోతే నాకంటూ ఏం మిగులుతుంది అనిపించింది.

మర్నాడు పొద్దున కొత్తిమీర కోసం వచ్చిన సుగుణక్క, నేను మాత్ర మింగడం చూసింది.

"ఏందే లతా, పాలతోనా?"

"పరిగడుపున మందేసుకుంటే వేడి జేస్తదక్కా. మా అమ్మ ఏ మందైనా పాలతోనే ఇచ్చేది."

సుగుణక్క నెత్తి కొట్టుకుంది. "నీ వేడి సల్లగుండ! నేను గూడ ఇదే మాత్ర గట్లనే మింగి డాక్టరమ్మతోని తిట్లు తిన్న. పాలు ఆ మందును ఒంటికి పట్టనియ్యవు. పా, దవాఖానకు పోయి అడుగుదాం."

డాక్టరమ్మా అదే చెప్పింది. లేవగానే మంచినీళ్లతో మాత్ర, గంట ఆగాకే టీ అయినా పాలైనా. కొన్ని వారాలు అలా వేసుకుని మళ్లీ పరీక్ష చేయించమంది. ఇక చూడాలి సుగుణక్క కాపలా! పొద్దున్నే వచ్చి వంటింటి ముందు కుర్చీ వేసుకుని కూర్చునేది.

"తల నొస్తుందక్కా, జర టీ తాగనియ్యి."

"నొయ్యనియ్యి. పాట మొదలువెట్టు."

నా గొంతు కాకిలా వచ్చినా ఊరుకునేది కాదు, పదం తప్పితే కసిరేది. కొన్ని వారాలకు మళ్లీ పరీక్ష చేయిస్తే, ఈసారి టీఎస్‌హెచ్ హద్దులోకి దిగింది. ఫోన్‌లో రిపోర్టు చూసి ఎగిరి గంతేసినంత పని చేశాను.

"ఇగ మాత్ర బంద్ జెయ్యొచ్చా అక్కా?"

"మాత్ర ఏసుకుంటున్నవని దిగింది. బంద్ జేస్తే మళ్ల మొదటికే. డాక్టరమ్మను అడగకుండ ముట్టకు."

మాత్ర మానలేదు. వానలు వెనకబట్టేసరికి గొంతు నున్నబడింది. సద్దుల బతుకమ్మనాడు కాలనీ పార్కులో పాట ఎత్తుకున్నాను. మొదటి చరణం వణికింది. రెండోది పార్కు దాటి రోడ్డు మీదికి వినపడింది. సౌండ్ బాక్స్ కావాలన్నవాళ్లే చప్పట్లు కొడుతూ నా చుట్టూ తిరుగుతున్నారు. అందుకునేవాళ్లలో ఒక గొంతు అందరికంటే పైన వినిపిస్తోంది. తిరిగి చూస్తే, కుర్చీలో సుగుణక్క. నా వెనక పాడుతోంది! ఆ గర్వం మాటల్లో చెప్పలేను.

ఆమె పోయి చాలా ఏళ్లయింది. మాత్ర మింగాక వచ్చే గంట మాత్రం నాకు ఇప్పటికీ పాటకే. పక్క ఫ్లాటువాళ్లు నిద్ర లేస్తారని మా ఆయన గొణుగుతాడు.

లేవనీ.