కోత పండుగ గుమ్మడికాయలు

మొన్న రాయగడ సంతలో ఒక గుమ్మడికాయ బండి మీంచి జారి రోడ్డు మీద పగిలింది. అమ్మే ఆవిడ ఒడియాలో తనని తానే తిట్టుకుంటూ ముక్కలు ఏరుతుంటే నేను సంచీ పట్టుకుని అక్కడే నిలబడిపోయాను. ఆ చప్పుడు నేను ఇంతకుముందు ఒకసారి విన్నాను. డెబ్బైల నాటి మాట. ఊరి బయట విమానాలు దిగే గడ్డి మైదానంలో, మా అన్న విమానంలోంచి పెద్ద గుమ్మడికాయనీ చిన్న గుమ్మడికాయనీ ఒక్కసారే వదిలిన ఉదయం అది. రెండూ పోయి నాన్న కాళ్ళ ముందు పడ్డాయి. కలిసి పడ్డాయా, పెద్దది ముందు పడిందా అన్నది చూసినవాడు ఆయన ఒక్కడే.

నాన్న శ్రీకాకుళం వైపు నుంచి మిషన్ ఆసుపత్రికి కాంపౌండరుగా వచ్చి ఇక్కడే ఉండిపోయిన మనిషి, మా తెలుగు చర్చి సంఘంలో పెద్ద. అన్న హైస్కూల్లో సైన్సు మాస్టారు. నేను జేకేపూర్ కాగితం మిల్లు కాలనీ కబుర్లూ, జయపురం బియ్యం మిల్లుల సంగతులూ రాసి బస్సులో విశాఖపట్నం పంపే కొత్త విలేకరిని. ఆ ఏడాది అన్న, నాన్న పనిచేసే ఆసుపత్రిలోనే ఉన్న నర్సును పెళ్ళి చేసుకుంటానన్నాడు. పద్మపూర్ దగ్గరి సవర పిల్ల. ఆమెదీ మా మతమే, ఆమె పని నాన్న మెచ్చుకునేవాడు కూడా. అయినా మనం కోస్తావాళ్ళం, వాళ్ళు కొండవాళ్ళు అని ఒక్కమాటతో తేల్చేశాడు.

కోత పండుగనాడు మా చర్చిలో ఎవరి పెరట్లో పండింది వాళ్ళు తెచ్చి బల్ల ముందు పెట్టేవారు, ఆరాధన అయ్యాక వాటిని వేలం వేసేవారు. ఆసారి అన్న బిందెంత గుమ్మడికాయ ఒకటీ, కొబ్బరికాయంతది ఒకటీ పాడుకున్నాడు. వెదురు అడవులను పైనుంచి ఫొటోలు తీసే చిన్న విమానం అప్పుడు మైదానంలో ఉండేది, దాని బెంగాలీ పైలట్ సాయంత్రాలు అన్నతో చదరంగం ఆడేవాడు. ఆ విమానంలోంచి తక్కువ ఎత్తులో వదిలితే రెండు కాయలూ ఒక్కసారే నేలకి చేరతాయని పిల్లలకి చూపిస్తానని అన్న అంటే, చర్చి మెట్ల మీద అందరి ముందూ నాన్న నవ్వాడు.

“బరువుదీ తేలికదీ ఒకలాగే పడతాదంటావు, ఆళ్ళూ మనమూ ఒకటే అంటావు. నీకు అన్నీ ఒకటేరా! పడెయ్, సూస్తాను. ఒక్కపాలి పడితే నీ పెళ్ళికొచ్చి నేనే ప్రార్థన సేస్తాను.”

“మాటేనా నాన్నా?”

“చర్చి మెట్ల మీద అబద్ధమాడతానేటి?”

“దేవుడికిచ్చిన కాయలర్రా, కూరొండితే నాలుగిళ్ళు తింటాయి” అని అమ్మ సణుగుతూనే ఉంది.

మైదానం మధ్యలో అన్న సున్నంతో పెద్ద గుండ్రం గీయించాడు. సంఘమంతా దాని చుట్టూ చేరింది. ఆ నర్సు డ్యూటీ మార్చుకుని వచ్చి ఆడవాళ్ళ వెనక నిలబడింది. మాతో నిలబడడం ఇష్టంలేక నాన్న గొడుగు వేసుకుని మైదానం చివర పల్లంలోకి దిగిపోయాడు. మేమున్న చోటినుంచి ఆయన గొడుగు తప్ప మాకేమీ కనిపించదు. అన్న పైలట్‌తో పాటు ఎక్కాడు. ఫొటోల కోసం తలుపు తీసేసిన విమానం కిందుగా వచ్చింది. సరిగ్గా సున్నం గుండ్రం మీదికి వచ్చాక అన్న చెక్క పలక మీంచి రెండు కాయలనీ కలిపి తోశాడు. వదిలినవి విమానంతో పాటు ముందుకి పోతాయని ఏటా బోర్డు మీద బొమ్మ గీసి చెప్పే మనిషి, ఆ పూట దాన్ని మరిచిపోయాడు. కాయలు మమ్మల్ని దాటి పల్లంలోకి పోయాయి. నాకు రెండు చప్పుళ్ళు వినిపించాయి. రెండోది కొండ తిప్పికొట్టిన ప్రతిధ్వనే అన్నారు పక్కవాళ్ళు.

పరుగెత్తి వెళ్ళేసరికి నాన్న పంచె నిండా గుజ్జు, గింజలు. గొడుగు మూసి చేతిలో ఉంది.

“ఏటయ్యా, ఏది ముందు పడింది?” అని ఎవరో అడిగారు.

నాన్న ఆడవాళ్ళ వెనక ఉన్న ఆమె వైపు ఒకసారి చూసి, “పంచె పాడుసేసేరు” అని ఇంటికి నడిచాడు.

అన్న దిగి వచ్చి అడిగాడు. తరవాతా చాలాసార్లు అడిగాడు. అడిగినప్పుడల్లా నాన్న గొడుగు తీసుకుని ఆసుపత్రికి నడిచేవాడు. మళ్ళీ వదులుదామంటే విమానం మర్నాడే వెళ్ళిపోయింది. నేను వార్త రాసి పంపితే, ఫలితం ఏమిటని డెస్కువాళ్ళు అడిగారు, అది అచ్చు కాలేదు.

పెళ్ళి పద్మపూర్‌లో జరిగింది. ఆ ఉదయం నాన్న ఇస్త్రీ చొక్కా తొడుక్కుని అరుగు మీద కూర్చున్నాడు. బస్సు హారన్ కొట్టింది, మేం ఎక్కాం, ఆయన లేవలేదు. ప్రార్థన వేరే పెద్దాయన చేశారు. చివరి రోజుల్లో నాన్నకి మందులిచ్చి, ఒళ్ళు తుడిచింది వదినే, ఆమెకీ చెప్పలేదు. నాన్న పోయిననాడు నాకు ఏడుపు రాలేదు, అన్న పోయిననాడూ రాలేదు. ఎందుకో తెలియదు.

ఇప్పుడు ఆ మైదానం నిండా ఇళ్ళే. కోత పండుగకి కాయలు తెచ్చేవాళ్ళు లేరు, కవరులో డబ్బు పెట్టి బల్ల మీద వేస్తున్నారు, వేలం ఆగిపోయింది. ఆ పల్లంలో ఏం జరిగిందో చెప్పగలిగిన మనిషి లేడు. నాకు తెలిసిందొక్కటే, నాన్న తాను బతికి ఉన్నన్నాళ్ళలో పెద్దది ముందు పడిందని కూడా ఎప్పుడూ అనలేదు.