నిఖితతో స్టాటిస్టిక్స్ క్లాసుకు

ఈ ప్రయాణం మా డిపార్ట్‌మెంట్ మీటింగ్‌లో మొదలైంది. అమెరికాలో సియాటిల్ పక్కనున్న బాతెల్ దగ్గర ఒక కమ్యూనిటీ కాలేజీలో నేను చాలా ఏళ్లుగా లెక్కలు చెబుతున్నాను. నావన్నీ రెమీడియల్ క్లాసులు. కాలేజీలో చేరేటప్పుడు పెట్టే పరీక్షలో మార్కులు తగ్గినవాళ్లకు హైస్కూల్ ఆల్జీబ్రా మళ్లీ చెప్పడం నా పని. ఫీజు కట్టి చదివే ఆ క్లాసులు డిగ్రీలో లెక్కకు రావు. వాటిని ఎత్తేసి, అందర్నీ నేరుగా కాలేజీ లెక్కల్లో కూర్చోబెట్టి, అవసరమైనవాళ్లకు క్లాసు అవగానే ఇంకో గంట సాయం చేద్దామని ఇప్పుడు ఆలోచన. వచ్చే ఫాల్ టర్మ్‌లో స్టాటిస్టిక్స్‌కు ఇలాంటి ఒక సెక్షన్ ప్రయోగంగా పెడుతున్నారు. అందరికీ పెట్టాలా వద్దా అన్నది ఇంకా తేలలేదు.

దక్షిణాన మిల్లులున్న ఒక చిన్న ఊరి కాలేజీ ఈ మార్పు ఎప్పుడో చేసేసిందట. వెళ్లి చూసొస్తానని నేనే అన్నాను. పునాది లేకుండా గోడ లేపితే నిలుస్తుందా అని నా అనుమానం. పార్ట్‌టైమ్ మనిషిని, నా క్లాసులు పోతే పని మాటేమిటన్న బెంగ కూడా లేకపోలేదు.

నా స్నేహితురాలు సుజాత కూతురు నిఖిత వెంట వచ్చింది. ఇక్కడే పుట్టి పెరిగిన పిల్ల, ఇరవై ఏళ్లు. ఎక్స్‌రే టెక్నీషియన్ కావాలని కోరిక. మా కాలేజీలోనే, వేరే టీచర్ దగ్గర, రెమీడియల్ ఆల్జీబ్రా రెండుసార్లు తీసుకుని రెండుసార్లూ మధ్యలో వదిలేసింది. ఇక చదువు మానేసి ఇప్పుడు పార్ట్‌టైమ్ చేస్తున్న ఫార్మసీలోనే ఉండిపోతానని ఇంట్లో చెప్పేసింది. “నీ మాటైతే వింటుందేమో పద్మా, కొంచెం చెప్పి చూడు,” అని సుజాత ఫోన్ చేసింది. ఏం చెప్పాలో తెలియక, నాతో పంపించమన్నాను.

పొద్దున్న ఐదున్నరకు బాతెల్‌లో బస్సెక్కి, మధ్యలో లైట్ రైల్‌కి మారి సియాటిల్ స్టేషన్‌కి చేరాం. కారులో అయితే త్వరగా వెళ్లవచ్చు కానీ ఆ హైవే ట్రాఫిక్ కంటే రైలే సుఖం. టికెట్ వారం ముందే తీసుకుంటే చవక. దక్షిణానికి వెళ్లేటప్పుడు ఎడమవైపు సీటు దొరికితే, మబ్బు లేని రోజున మంచుకొండ రెయినియర్ చాలాసేపు కనిపిస్తుంది. మాకు మబ్బే కనిపించింది.

“ఆంటీ, వాళ్లు నన్ను క్వశ్చన్స్ అడుగుతారా?” అంది నిఖిత, నేను తెచ్చిన పులిహోర తింటూ.

“అడగరు. మనం వెనక కూర్చుంటాం.”

“గుడ్. నేను జస్ట్ చూస్తా.”

టకోమా దాటాక ఎదుటి సీట్లో ఉన్న ఆయన మా మాటల్లో ‘మ్యాథ్’ అన్న ముక్క పట్టుకున్నాడు. పేరు రే, ట్రక్కుల మెకానిక్. “కాలేజీ లెక్కలకు మూడు క్లాసులు కింద కూర్చోబెట్టారు నన్ను,” అన్నాడు. “రెండోది అయ్యేసరికి పాప పుట్టింది. మళ్లీ వెళ్లలేదు. అసలు క్లాసు ఎలా ఉంటుందో చూడనే లేదు.” నవ్వుతూనే చెప్పాడు. నిఖిత మాత్రం అతను దిగిపోయేదాకా అతన్నే చూస్తూ కూర్చుంది.

అతను దిగాక నా క్లాసులు గుర్తొచ్చాయి. అక్కడ కూర్చునేది ఎవరు? రెస్టారెంట్లో పనిచేసి వచ్చే అమ్మలు, పళ్ల తోటల్లో కూలికి వెళ్లేవాళ్ల పిల్లలు, శరణార్థులుగా వచ్చినవాళ్లు, నల్లజాతి కుర్రవాళ్లు. పెద్ద కంపెనీల్లో పనిచేసేవాళ్ల పిల్లలు అరుదు. పరీక్ష అందరికీ ఒకటే, కానీ దానికి తయారయ్యే వీలు అందరికీ ఒకేలా లేదు.

ఊరి పేరు చెప్పను. క్లాసులో వాళ్లకు అలా మాటిచ్చాను. స్టేషన్ బయట సిటీ బస్సెక్కితే కాలేజీ గేటు దగ్గరే దింపింది. స్టాటిస్టిక్స్ టీచర్ పేరు టెస్సా. మేం వెనక కూర్చోబోతుంటే, “వెనక ఎవరూ కూర్చోరు ఇక్కడ,” అని బల్లల మధ్యకు పిలిచింది. నిఖిత నావైపు గుర్రుగా చూసింది.

నిఖిత పక్కన లొరేనా అనే ఆవిడ కూర్చుంది. పళ్లు ప్యాక్ చేసే షెడ్డులో రాత్రి షిఫ్టు చేసి నేరుగా క్లాసుకు వచ్చిందట. ఆ రోజు లెక్క వాళ్ల ఊరి బస్సుల గురించే. రెండు రూట్ల కోసం ఎంతెంతసేపు నిలబడ్డారో విద్యార్థులే రాసి తెచ్చారు. సగటు రెండింటికీ ఒకటే వచ్చింది. “అయితే రెండూ ఒకటేనా?” అని అడిగింది టెస్సా.

లొరేనా కాగితం మీద గీసిన చుక్కల్ని నిఖిత వేలితో చూపించి, మెల్లగా ఇంగ్లీషులో ఏదో చెప్పింది. “గట్టిగా చెప్పు, అందరూ వింటారు,” అంది లొరేనా.

“యావరేజ్ ఒకటే,” అంది నిఖిత. “కానీ ఈ రెండో బస్ ఒకరోజు వెంటనే వస్తుంది, ఒకరోజు అరగంట రాదు. జాబ్‌కి వెళ్లాలంటే నేను దీన్ని నమ్మను.”

క్లాసంతా నవ్వింది. టెస్సా బోర్డు మీద ‘స్టాండర్డ్ డీవియేషన్’ అని రాసి, “ఆమె చెప్పింది దీని గురించే, సగటుకు అటూ ఇటూ ఎంత చెదురుతుందన్నది,” అంది.

తర్వాతి గంట సాయం గంట. అదే గది, అదే టీచర్, ఇంకొక ట్యూటర్. వర్గాలు, వర్గమూలాలు, మైనస్ గుర్తులు అప్పుడు చెప్పారు. నేను ఒక టర్మ్ అంతా చెప్పే విషయాల్లో ఆ రోజుకు కావలసినంతే తీసుకున్నారు. మధ్యలో లొరేనాకు ఫోన్ వచ్చింది. బాబుకి జ్వరమట. ఆమె లేస్తుంటే ట్యూటర్ ఆ రోజు లెక్కలు చేతికిచ్చి, సాయంత్రం వీడియో కాల్ చేస్తానన్నాడు.

మధ్యాహ్నం కాలేజీ బయట టాకో బండి దగ్గర చిక్కుడు గింజల బురిటో తింటూ టెస్సాను నా అనుమానం అడిగేశాను. ఆమె దాచలేదు. “మొదట్లో పరీక్ష తీసేసి ఊరుకున్నాం. పనిచేసుకుంటూ చదివేవాళ్లే ఎక్కువ తప్పారు. తర్వాతే ఈ గంట వచ్చింది. ఇప్పటికీ అందరూ గట్టెక్కడం లేదు. కానీ ఇదివరకు ఈ గది దాకానే రానివాళ్లు ఇప్పుడు పాసవుతున్నారు.” పాత రెమీడియల్ టీచర్లేమయ్యారని అడిగితే, “నేనూ వాళ్లలో ఒకదాన్నే,” అంది.

తిరుగు రైలు సాయంత్రం. గూడ్సు బండికి దారి వదలడానికి చాలాసేపు ఆగిపోయింది. ఈ లైన్లో ఇది మామూలే, తినడానికేమైనా వెంట ఉంచుకోవడం మంచిది. కాఫీ తెచ్చుకుని, మీటింగ్‌లో చెప్పాల్సింది మనసులో అనుకున్నాను. అందరికీ పెట్టాలి, కానీ ఆ రెండో గంట, ఆ ట్యూటర్ లేకుండా పెడితే మాత్రం నేను ఒప్పుకోను. పొద్దున నాలో ఉన్న బెంగ పూర్తిగా పోలేదు. అయితే, ఆ సాయం గంట చెప్పడం నాకు బాగా వచ్చిన పనే అనిపించి మనసు తేలికపడింది.

పక్క సీట్లో నిఖిత వాళ్లమ్మతో ఫోన్లో మాట్లాడుతోంది.

“అమ్మా, ఫాల్‌లో ఆ కొత్త సెక్షన్‌లో ఎన్‌రోల్ చేస్తున్నా. కాదు, ఆల్జీబ్రా కాదు. స్టాటిస్టిక్స్. రియల్ క్లాస్.”

రైలు ఆగి ఉండడంతో సుజాత గొంతు నాకూ వినిపించింది. “ఒకవేళ తప్పితేనో?”

నిఖిత ఫోన్ ఇంకో చెవికి మార్చుకుంది.

“తప్పితే మళ్లీ అదే క్లాస్ తీసుకుంటా, అమ్మా. కిందకి మాత్రం వెళ్లను.”