యానాం నుంచి వచ్చిన అక్షరాలు

మొన్న మా ఆడపడుచు కూతురి పెళ్ళికార్డు ఫోన్‌లో వచ్చింది. ఇంట్లో అందరూ అమ్మాయి ఫొటో చూసి మురిసిపోతుంటే నా కళ్ళు మాత్రం పెళ్ళికొడుకు పేరు మొదట్లో ఉన్న ఇంగ్లీషు ఆర్ అక్షరం దగ్గరే ఆగిపోయాయి. సాగదీసినట్టున్న కాలు, కాలి చివర సన్నటి పాదం, ఆ పాదం కుడిపక్క కాస్త విరిగి ఉంది. చటుక్కున గుర్తుపట్టాను, ఒళ్ళు మండింది కూడా. ఆ విరిగిన పాదం వల్లే ఒకప్పుడు నన్ను సొంతవాళ్ళే దొంగలా చూశారు.

రాజమండ్రిలో మా బాబాయికి ప్రెస్సు ఉండేది. డిగ్రీ అయ్యాక నేను అక్కడే పనిలో చేరాను. మన వయసువాళ్ళకు ఆ సిరా వాసనా, కాలితో తొక్కే మిషను చప్పుడూ గుర్తుండే ఉంటాయి. ఊళ్ళో ఎన్ని ప్రెస్సులున్నా, కార్డులో ఇంగ్లీషు వైపు మా దగ్గరే వేయించాలని భీమవరం రాజుగార్ల నుంచి, తొలి కార్డు పెనుగొండ అమ్మవారి పాదాల దగ్గర పెట్టే షావుకార్ల దాకా వెతుక్కుంటూ వచ్చేవారు. కారణం, యానాంలో ఫ్రెంచివాళ్ళ కాలంనాటి ప్రెస్సు సామాను అమ్మేస్తుంటే బాబాయి కొనుక్కొచ్చిన సీసం అక్షరాలు. ప్రతి గీత చివరా చిన్న చిన్న పాదాలతో పొందిగ్గా నిలబడినట్టుండేవి. యానాం నుంచి అంత బరువైన చెక్కపెట్టె బస్సు దిగిందంటే అందులో ఉన్నవి మందు సీసాలేనని వీధంతా అనుమానపడిందట. పిన్ని కూడా మూత తీయించి చూశాకే గడప దాటనిచ్చిందట.

తర్వాత ఆ అనుమానం బాబాయికి పట్టుకుంది. ఎవరైనా తన అక్షరాలను చూసి అలాంటివే పోత పోయించుకుంటారని భయం. పెట్టెకు తాళం వేసి తాళంచెవి మొలతాడుకు కట్టుకునేవాడు. చెడిపోయిన కాగితాలు తానే ఏరి, నీళ్ళు కాచే పొయ్యిలో కాల్చి, బూడిద కూడా పుల్లతో కదిపి చూసేవాడు. పేర్లకు వాడే పెద్ద ఆర్ ఒక్కటే ఉండేది, వధూవరులిద్దరి పేర్లూ దానితోనే మొదలైతే కార్డును రెండుసార్లు మిషనెక్కించాల్సిందే. అది ఓసారి బాబాయి చేతిలోంచే జారి గచ్చు మీద పడి పాదం విరిగింది. అలాంటి మనిషి, చివరికి నమ్మకం కుదిరి ఆ తాళంచెవి నాకిచ్చినప్పుడు నేను పొంగిపోయాను.

ఇంతలో కంప్యూటర్లు వచ్చాయి. నేను సాయంత్రాలు డీటీపీ నేర్చుకోవడానికి వెళ్ళేదాన్ని. అప్పుడే ఎవరిదో పెళ్ళికార్డు బాబాయి ఇంటికొచ్చింది. వేరే ఊళ్ళో కంప్యూటర్ మీద చేయించింది. అక్షరాలన్నీ మావే, ఆర్ పాదం విరుపుతో సహా. బాబాయి భూతద్దం పెట్టి దాన్ని చూశాడు, తర్వాత నన్ను చూశాడు.

"తాళంచెవి ఇలా ఇచ్చెయ్యమ్మా."

పుట్టినప్పటి నుంచీ నన్ను 'ఏమే' అని తప్ప పిలవని మనిషి అంత మర్యాదగా మాట్లాడేసరికి ఏడుపొచ్చేసింది. ఆ తర్వాత ఒక్క మాట కూడా అడగలేదు గానీ, ఇంటికి బయల్దేరుతుంటే ఆయన చూపు నా హ్యాండ్‌బ్యాగు మీదే ఉండేది. నేనూ తక్కువ తినలేదు. మిషను తొక్కే ఆయన్నీ, పిన్ని తమ్ముణ్ణీ, ఆఖరికి కాగితాలు తెచ్చే రిక్షా అతన్నీ అనుమానించాను. ప్రెస్సులో ఒకరి మొహం ఒకరు చూసుకోవడం మానేశాం.

అలా ఉండగా నిడదవోలు నుంచి ఒకాయన వచ్చాడు, చంకలో పెళ్ళికార్డుల కట్టతో. అన్నీ మేం అచ్చువేసినవే, మూలల పసుపు ఇంకా పోలేదు.

"మా అమ్మ దాచుకున్నవండి. ఈ అక్షరాలంటే నాకు ప్రాణమండి. ఒక్కోటీ స్కాన్ చేసి, పెద్దది చేసుకుని, అంచులు గీసి కంప్యూటర్లోకి ఎక్కించానండి. మీకు చూపిద్దామని వచ్చాను."

"మరి ఈ కాలేంటండీ?" అన్నాడు బాబాయి, ఆర్ మీద వేలు పెట్టి.

"అందమంతా అక్కడే ఉంది కదండీ. పాతకాలంవాళ్ళు కావాలనే అలా చెక్కారనుకున్నానండి."

బాబాయి ఆ కట్ట విప్పి కార్డులు ఒక్కోటీ తిరగేశాడు. చెడిపోయిన కాగితాలన్నీ బూడిద చేసి, బాగా వచ్చిన వాటిని పసుపు రాయించి ఇంటింటికీ మేమే పంచిపెట్టించాం! బాబాయి నన్నేమీ క్షమాపణ అడగలేదు. మొలతాడు నుంచి తాళంచెవి విప్పి నా ముందు పెట్టాడు. "ఏమే, పెట్టె తియ్యి. ఆయనకి అసలు ఆర్ చూపించు," అన్నాడు. కోపంతోనే తీశాను.

బాబాయి పోయాడు, సీసమంతా కరిగింపుకి పోయింది. ఆ నిడదవోలాయన ఎక్కించిన అక్షరాలిప్పుడు అందరి ఫోన్లలోనూ ఉన్నాయి. ఎవరూ దాచరు, ఎవరూ ఎవర్నీ అనుమానించరు, ఆ పాదం ఎందుకు విరిగిందో ఎవరికీ అక్కర్లేదు. కార్డును వేళ్ళతో పెద్దది చేసుకుని ఆ ఆర్‌ను చాలాసేపు చూశాను. వెనక నుంచి ఎవరైనా 'ఏమే' అంటే బాగుండుననిపించింది.