ప్రోగ్రెస్ అనే మాట

పక్షవాతం వచ్చినవాళ్లకు గ్లెండా ప్రూయిట్ మళ్లీ నడక నేర్పుతుంది. రోగి నడుముకు బెల్టు బిగించి, వెనక నుంచి పట్టుకుని, అతనితోపాటే మోకాళ్లు వంచుతుంది. పాదం కాస్త కదిలితే చాలు, "ప్రోగ్రెస్!" అంటుంది. ప్రతి శుక్రవారం ఇన్సూరెన్సువాళ్లకు ఫోన్ చేసి కూడా ఆ మాటే చెబుతుంది. చెప్పకపోతే వాళ్లు ఆ రోగికి వైద్యం ఆపించేస్తారు. బస్సు డ్రైవరుగా పనిచేసి రిటైరైన వెర్నన్ కాలు మాత్రం కొంతకాలంగా తడిగుడ్డలా ఈడ్చుకుపోతూనే ఉంది. అయినా మొన్న శుక్రవారం గ్లెండా ఫోన్‌లో, "ఆయన ప్రోగ్రెస్ చాలా బాగుందండీ, త్వరలోనే నడుస్తారు" అంది. గుమ్మం దగ్గర అతని భార్య అడీన్ నిలబడి ఉందని ఆమె చూసుకోలేదు.

సోమవారం అడీన్ నిమ్మకాయ కేకు పట్టుకొచ్చింది. "చక్రాల కుర్చీ చర్చివాళ్లకి ఇచ్చేశానమ్మా. ఇంక మాకెందుకు?" అంది. ఆసుపత్రి కుర్చీలో కూర్చున్న వెర్నన్ నవ్వాడు. "ఈవిడకి తొందరెక్కువ. పెళ్లికి నాకన్నా ముందొచ్చి కూర్చుంది!" గ్లెండా చేతిలో బెల్టు అలాగే ఉండిపోయింది. "అడీన్ గారూ, ఆ కుర్చీ వెనక్కి తెప్పించుకోండి. ఆ రోజు ఫోన్‌లో అన్నది... వైద్యం ఆపకూడదని, ఇన్సూరెన్సువాళ్లకోసం అన్న మాట." అడీన్ కేకు బల్లమీద పెట్టింది. వెర్నన్ తన కాలు చూసుకుని అడిగాడు.

"మరి రోజూ నాకు చెప్పేదో, తల్లీ?"