పోగంత దూరం

ధర్మవరంలో పట్టుచీరలకు డిజైన్లు గీసే గంగాధరప్ప మా పక్కింట్లో ఉండేవాడు. గళ్ళ కాగితం మీద నెమళ్ళు గీసీ గీసీ నలభై దాటేసరికే ఆయన చూపు మసకబారింది. పంతొమ్మిది వందల డెబ్బై తొమ్మిదిలో అనుకుంటాను, టూరింగ్ టాకీసులో అసలు సినిమాకు ముందు ఒక చిన్న సినిమా వేశారు. అందులో మట్టిబొమ్మ లేచి, గీసిన చెట్ల మధ్య నడిచింది. అసలు సినిమా మొదలుకాగానే గంగాధరప్ప నన్ను బయటికి లాక్కొచ్చాడు.

"మనుషులు నడిస్తే దాంట్లో ఏముండాదప్పా? ఆ బొమ్మ చెంప మీద చేసినోని బొటనవేలి అచ్చు చూస్తివా? అది గూడా కదులుతాండాది! నా నెమలి ఒక్కతూరి నడిస్తే చూడల్ల, ఈ కండ్లు పోయేలోగా."

ఫోటో స్టూడియో కుళ్ళాయప్ప దగ్గర పెళ్ళిళ్ళకు తిప్పే చిన్న సినిమా కెమెరా ఉండేది. కరువుకు ఎవరిదో పెళ్ళి ఆగిపోయి ఒక రీలు మిగిలింది.

"ఇదొక్కటే ఉండేదన్నా. బొమ్మను రవ్వంత జరుపు, ఈ మీట నొక్కు, ఒక ఫోటో పడతాది. మళ్ళా జరుపు. అంతే" అని స్టాండు బిగించి పోయాడు.

గంగాధరప్ప పాత డిజైను కాగితంలోంచి నెమలిని కత్తిరించి, కాళ్ళు విడిగా కుట్టాడు. తోకకు తెగిన పట్టుపోగులు అతికించాడు. గవాక్షిలోంచి ఎండ పడే చోట నేల మీద పరిచి, రోజుల తరబడి దాని ముందే కూర్చున్నాడు.

భార్య ఈశ్వరమ్మ మగ్గం మీంచి, "దానికి మేత గూడా ఏస్తావా సామీ? మనకే ల్యాకపాయ" అనేది. ఆయన తలెత్తకుండా నవ్వేవాడు.

రీలు బొంబాయికి పోయి కడిగించుకుని వచ్చింది. కుళ్ళాయప్ప స్టూడియో తలుపులు మూసి గోడ మీద వేశాడు.

నెమలి నిలబడే ఉంది. ఎండ మాత్రం దాని ముక్కు మీంచి తోక దాకా పరుగెత్తి ఆరిపోయింది. మళ్ళీ వచ్చి మళ్ళీ పరుగెత్తింది. రీలు అయిపోయింది.

"ఎంత జరిపితివన్నా?"

"రవ్వంతంటివి గదప్పా. ఒక పోగంత."

పోగు పక్కన పోగు చూసుకుంటూ బతికినవాడికి రవ్వంత అంటే అంతే. కుళ్ళాయప్ప తల పట్టుకున్నాడు. "పోగంతనా! ఆ లెక్కన అది గడప దాటేకి దేశంలో రీళ్ళన్నీ చాలవు."

"ఇంకోతూరి ఎయ్యి."

ఈసారి గంగాధరప్ప గోడకు మొహం ఆనించినంత దగ్గరగా నిలబడ్డాడు. "నాకు అగపడల్యేదేమో. నువ్వు చెప్పప్పా, కాలు కదిలిందా?" అని నన్నడిగాడు.

"లేదన్నా" అన్నాను.

రెండేళ్ళకు చూపు పూర్తిగా పోయింది. ఈశ్వరమ్మ ఆయనకు మగ్గం పోగును కండెలకు చుట్టే పని అప్పగించింది. ఒక మధ్యాహ్నం కుళ్ళాయప్ప వచ్చి అరుగు మీద కూర్చుని, "అన్నా, ఇంకో రీలు దొరికింది" అన్నాడు.

గంగాధరప్ప చుట్టడం ఆపలేదు. "ఎవురు చూసేకప్పా?" అన్నాడు.